కమాను తాతగారిదా, నేర్చుకున్నవాడిదా?

"జర్మన్లని చూడండి, నాలుగు తరాలుగా అదే పని పట్టుకుని కూర్చున్నారు. మనవాళ్ళేమో కులవృత్తులు గాలికొదిలేసి సాఫ్ట్‌వేర్ మీద పడ్డారు." ఈ మాట ఈమధ్య తరచూ వింటున్నాను. చెప్పేవాళ్ళంతా మనలాంటి కీబోర్డు జీవులే కావడం విశేషం :). వాళ్ళ తాజా ఉదాహరణ పాత జర్మన్ వయొలిన్ కమాను. దానిమీద న్యూర్న్‌బెర్గర్ అనో ఫ్రెచ్‌నర్ అనో ఇంటిపేరు ముద్ర కనిపిస్తే చాలు, వంశపారంపర్యం అంటూ పరవశించిపోతారు.

సరే, ఆ వంశాల కథే చూద్దాం. సాక్సనీలో చెక్ సరిహద్దు పక్కన మార్క్‌నాయ్‌కిర్షెన్ అని చిన్న ఊరు. 1677లో అక్కడ వయొలిన్ పనివాళ్ళ సంఘం పెట్టింది 12 మంది. ఎవరయ్యా వాళ్ళు? బొహీమియాలోని గ్రాస్లిట్జ్ నుంచి మతం గొడవల్లో పారిపోయొచ్చిన ప్రొటెస్టెంట్లు. అంటే ఆ ఊరి "సంప్రదాయం" కాందిశీకుల మూటల్లో వచ్చింది.

ఇక కమాను. బరువు 60 గ్రాములు అటూ ఇటూ. కర్రని ముందు తిన్నగా చిత్రిక పట్టి, తర్వాత సెగ చూపిస్తూ కొంచెం కొంచెంగా లోపలికి వంచుతారు. ఎక్కడ ఎంత వంపు అన్నదే అసలు విద్య. ఒకచోట కాస్త ఎక్కువ చెక్కితే కర్ర మెత్తబడి తీగమీద వణుకుతుంది. మనకున్నట్టు అన్‌డూ లేదు. ఈ రూపాన్ని ఖాయం చేసిన పారిస్ వాడు ఫ్రాన్స్వా టూర్ట్ కమాన్లు చేసేవాడి కొడుకే, కానీ మొదట గడియారాల పని నేర్చుకున్నాడు. కర్ర బ్రెజిల్‌లో పెరిగే పెర్నాంబుకో (2007 నుంచి ఆ కలప అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి). ఫ్రెచ్‌నర్ కుటుంబంలో హెర్మన్ రిషార్డ్ పారిస్ వెళ్ళి విల్యోమ్ దగ్గర నేర్చుకొచ్చి 1880లో సొంత వర్క్‌షాపు పెట్టాడు. కర్ర బ్రెజిల్‌ది, విద్య ఫ్రాన్సుది. మరి రక్తంలో ఉన్నదేంటి?

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అదే ప్రాంతంలో పేరున్న కుటుంబాల పక్కనే పేరులేని వాళ్ళు డజన్ల లెక్కన కమాన్లు చేశారు. వర్తకులు చాలావాటి మీద "టూర్ట్" అని కొట్టి అమ్మేశారు. మనం రాసిన కోడు క్లయింటు లోగో కింద వెళ్ళడం లాంటిదే. సరుకు ఎంత పోయేదంటే, 1893 నుంచి 1916 దాకా అంత చిన్న ఊళ్ళో అమెరికా కాన్సులేట్ ఉండేది. లాభం ఎక్కువ తిన్నది వర్తకుడు. ఆ పేరులేనివాడి కొడుకు తండ్రి పనిలోనే ఉండిపోయాడంటే, అది వృత్తి మీద ప్రేమో, వేరే దారి లేకపోవడమో మనమెలా చెప్తాం?

ఇవాళ జర్మనీలో కమాను తయారీ అంటే మూడేళ్ళ శిక్షణ ఉన్న, ప్రభుత్వం గుర్తించిన వృత్తి. చేరడానికి తాత పేరు అడగరు. పనయ్యాక కర్రమీద తన పేరే కొట్టుకోవచ్చు, ఆ పేరుని బట్టి ధర పలుకుతుంది. మెచ్చుకోవాల్సింది ఇదండీ, నాలుగు తరాల లెక్క కాదు.

మన బొబ్బిలి వీణ తీసుకోండి. గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి, ఏకాండీగా చేస్తారు. ఏ రకంగా చూసినా ఆ జర్మన్ కర్రకి తీసిపోయే పని కాదు. అది చేసేవాడి కొడుకు బీటెక్ చేస్తానంటే మనకి సంస్కృతి గుర్తొస్తుంది. మన నాన్న బ్యాంకు ఉద్యోగం, మనం జావా, అప్పుడు ఏ సంస్కృతీ చెడలేదు! పైగా వీణ ధర చెప్తే బేరమాడతాం.

అంత బాధ ఉంటే మీ అబ్బాయిని ఓ మూడేళ్ళు గొల్లపల్లి పంపించండి. వాళ్ళు కూడా తాత పేరు అడగరనే అనుకుంటున్నాను.