తల్లి గుర్తింపు కుమారుని జేబులో

గుర్తింపు కార్డును కొంగున ముడివైచుకొని తిరుగు దినములు పోవుచున్నవనియు, ఇకమీదట చేతిలోని స్మార్టుఫోనే మనుష్యునకు సాక్ష్యమగుననియు ప్రభుత్వములవారు చెప్పుచున్నారు. మాటయే కాదు, కార్యమును సాగుచున్నది. 2015 జూలైలో డిజిలాకరు వచ్చినది. 2018 మొదలు అందలి డ్రైవింగు లైసెన్సు కార్డుతో సమానముగ చెల్లుచున్నది. మన రాష్ట్రమున 2025 జనవరి 30వ తేదీన 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్ ద్వారమున వెలసినది. అదే సంవత్సరము ఏప్రిలులో కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు క్రొత్త ఆధార్ యాప్‌ను ప్రదర్శించిరి. నవంబరునాటికి అది సర్వజనులకును లభించినది. ఇక కార్డు చూపనక్కరలేదు, జిరాక్సు ఇయ్యనక్కరలేదు, ముఖము చూపిన చాలునట!

దీనిని మేము నిందింపబోము. జిరాక్సు వలన కలిగిన చెఱుపు సామాన్యమైనది కాదు. సిమ్ముకార్డు కొన్నను, లాడ్జిలో ఒక రాత్రి తలదాచుకొన్నను, మన పేరు, తండ్రిపేరు, ఇంటి చిరునామా, ఆధార్ సంఖ్య అన్నియు అచ్చొత్తి పరాయివాని బల్లపై వదలి వచ్చుచున్నాము. ఆ కాగితము పిదప నెవరి చేతులు మారునో అడుగువాడు లేడు. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగుళూరు కార్యాలయమువారు జిరాక్సులు దుర్వినియోగము కావచ్చును గావున కనబడినవారికెల్ల ఇయ్యవద్దని ప్రకటించిరి. రెండు దినములకే, ప్రజలు అపార్థము చేసికొందురని ఆ ప్రకటన ఉపసంహరింపబడినది! ఉన్నమాట చెప్పి వెంటనే మ్రింగుట మన కార్యాలయములకు అలవాటైన విద్య. క్రొత్త యాప్ నందు వయస్సు మాత్రమే అడిగినచోట వయస్సు మాత్రమే చూపి, చిరునామా దాచుకొనవచ్చును. ఇది నిజమైన మేలు. చదువుకొన్నవారు దీనిని సంతోషముగ వాడుకొందురు గాక.

కాని శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున నున్న ఆమడగూరునకు ఈ యాప్‌ను తీసికొనిపోయి చూడవలయును. వాన నమ్మరాని సీమ. వేరుసెనగ చేతికి రాని యేడు బెంగుళూరు దారి పట్టుట ఈ ప్రాంతమునకు క్రొత్తగాదు. అట్టి యింట స్మార్టుఫోను ఎవరియొద్ద నుండును? పనికిపోవు కుమారునియొద్ద. ఒకే ఫోను నంబరు పేర నమోదైన కుటుంబీకులు ఐదుగురివరకు ఒక్క ఫోనులోనే తమ ఆధార్ నుంచుకొనవచ్చునని యాప్ నియమము. పట్టణమున నిది సౌకర్యము. ఇక్కడ దీని యర్థమేమి? కుమారుడు బెంగుళూరు బస్సెక్కిననాడు తల్లి గుర్తింపును వానితోడనే బస్సెక్కును.

ఆమె కదిరికి పోవలసిన పని పడినదనుకొందము. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు బస్సులో ఆమెకు చార్జీ లేదు. కాని ఈ రాష్ట్రపు స్త్రీయని గుర్తింపు చూపవలయును. సరిహద్దున కావల బాగేపల్లి, చేలూరు వైపున కర్ణాటకమువారి శక్తి పథకము 2023 జూను 11 నుండియే కలదు. అదియు ఆ రాష్ట్రపు స్త్రీలకే. ఇటును అటును వినబడు పలుకు తెలుగే. కండక్టరునకు భేదము తెలుపునది చేతిలోని కార్డు. నేడది ఆమె సంచిలో నున్నది గనుక చిక్కులేదు. రేపు ఏ యధికారియో ఫోనే చూపుమనినచో ఆమె యెవరు? 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తాము స్వయముగ వాడుకొను సెల్‌ఫోను గలవారు దేశమున నూటికి 54 మందియే. ఆ సంఖ్య పెరిగియుండవచ్చును. అయినను ఆ లెక్కలో అఱువదియేండ్ల ముసలమ్మ లేనేలేదు.

ఇచ్చట ఒక పాత కథ స్మరింపదగియున్నది. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము అచ్చటి భారతీయులు వ్రేలిముద్రలిచ్చి చీటి పుచ్చుకొని, అడిగినప్పుడెల్ల చూపవలయునని శాసనము తలపెట్టగా, సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గులో మనవారు సభ చేసి ధిక్కార ప్రతిజ్ఞ పట్టిరి. 1908 జనవరిలో స్మట్సుతో రాజీ కుదిరి, నమోదు స్వచ్ఛందమైనయెడల సమ్మతమేనని గాంధీగారు తామే ముందు నమోదునకు బయలుదేరి, ఆ కారణమున ఫిబ్రవరి 10న మీర్ ఆలం చేతి దెబ్బలు తినిరి. శాసనము మాత్రము రద్దుగాలేదు. ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణమున ఆ చీటీలే కుప్పవోసి తగులబెట్టబడినవి. ఫిబ్రవరిలో దెబ్బలకోర్చి తీసికొన్న చీటి ఆగస్టులో అగ్నికాహుతి యేల ఆయెను? చీటి మారలేదు; స్వేచ్ఛగా నిచ్చినది నిర్బంధముగా మారినది. నేటి ప్రభుత్వము పరాయిది కాదు, వ్రేలిముద్రలు దొంగలకని తీయుటలేదు. అయినను ‘ఇష్టమైనచో’ అను పదము ‘తప్పక’ అను పదముగ మాఱుటకు ఒక్క సర్క్యులరు చాలును.

ఫోను లేనిదే మోసమరికట్టుట సాధ్యముగాదని కొందఱందురు. ఇది వట్టిమాట. ఆధార్ కాగితముపై ముద్రించు క్యూఆర్ గుర్తులో పేరు, చిరునామా, ఛాయాచిత్రము ఆధార్ సంస్థవారి డిజిటల్ సంతకముతో ఇమిడియున్నవి. తనిఖీ చేయువాని యంత్రము ఇంటర్నెట్టు లేకయే ఆ సంతకమును పరీక్షింపగలదు. భద్రత సంతకమునందున్నది గాని పదివేల రూపాయల ఫోనునందు లేదు. కాగితము చార్జి అడుగదు, రీచార్జి అడుగదు, క్రిందపడి పగులదు. యంత్రము ఉండవలసినది ఉద్యోగి చేతిలో. ఆ ఖర్చును ముసలమ్మ నెత్తిన రుద్దుట న్యాయముకాదు. భూమిగల మన పాఠకులను అడుగుచున్నాము: భూమి వివరములు ఫోనులో కనబడుచున్నవి గదా యని పట్టాదారు పాసుపుస్తకమును మీలో నెవరైన పారవైచితిరా?

స్విట్జర్లాండు ప్రజల నడవడి చూడుడు. 2021 మార్చిలో ప్రైవేటు కంపెనీలు జారీచేయు ఎలక్ట్రానిక్ గుర్తింపును వారు నూటికి 64 వోట్లతో త్రోసివైచిరి. ప్రభుత్వమే జారీచేయునట్లును, ఇష్టమున్నవారే తీసికొనునట్లును, మామూలు కార్డు యథాప్రకారము ఉండునట్లును మార్చి తెచ్చినపిదప, 2025 సెప్టెంబరు 28న అదియు నూటికి 50.4 వోట్లతో మాత్రమే గట్టెక్కినది. అంత సంపన్నదేశమున, ఇంటింట ఫోనున్నచోట, ఇన్ని షరతులు కోరిరి!

మనకు సుప్రీంకోర్టు తీర్పు కలదు. పదవీవిరమణ చేసిన న్యాయమూర్తి పుట్టస్వామిగారి వ్యాజ్యమున 2017 ఆగస్టు 24న ఆంతరంగికత ప్రాథమిక హక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ పలికిరి. 2018 సెప్టెంబరు 26న ఆధార్‌ను నిలిపిన తీర్పునందే, యంత్రము గుర్తుపట్టలేదను కారణమున అర్హునకు లబ్ధి తప్పరాదని చెప్పబడినది. ఆ మాట తీర్పు పుటలలోనే నిలువక బస్సునకును, చౌకధరల దుకాణమునకును, సచివాలయమునకును రావలయును. రాష్ట్రప్రభుత్వమువారు స్పష్టమైన ఉత్తరువు నీయవలయును: ఫోనులోని గుర్తింపు ఎచ్చట చెల్లునో కార్డును అచ్చటనెల్ల చెల్లును, కార్డు చూపినవానిని త్రిప్పిపంపిన ఉద్యోగి కారణమును వ్రాతమూలముగ నియ్యవలయును. ఆ యుత్తరువును ఆమడగూరు సచివాలయపు గోడపై తెలుగున, కంటికానునంత పెద్ద యక్షరములలో అంటింపవలయును.