ఫీజు కట్టేవాళ్లకు కుర్చీ ఎక్కడ?

ప్రియమైన తల్లిదండ్రులారా,

గత పేరెంట్స్ మీటింగులో మీరు ఏం అడిగారో ఒకసారి గుర్తు చేసుకోండి. మ్యాథ్స్‌లో మార్కులు ఎందుకు తగ్గాయి, బస్సు రోజూ ఎందుకు ఆలస్యమవుతోంది, వచ్చే ఏడాది సెక్షన్ మారుస్తారా. నేనూ అవే అడిగాను. ఈ ఏడాది ఫీజు ఏ లెక్కన పెరిగింది, అందులో టీచర్ల జీతాలకు ఎంత పోతుంది, ల్యాబ్‌కు ఎంత పెడుతున్నారు అని మాత్రం అడగలేదు. అడగొద్దని ఎవరూ అనలేదు. అడిగే చోటు అది కాదనిపించింది, అంతే.

మరి ఆ చోటు ఏది? అలాంటి చోటు ఒకటి చట్టప్రకారం ఎలా నడుస్తుందో కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కాలేజీలను చూస్తే తెలుస్తుంది. అక్కడున్న మన బంధువుల పిల్లలు చాలామంది ఈ కాలేజీల్లో రెండేళ్లు చదివి, ఆ తర్వాత యూనివర్సిటీకి మారతారు. క్యూపర్టినోలోని డి ఆంజా కాలేజీ పేరు మీరూ వినే ఉంటారు. పక్కనున్న ఫుట్‌హిల్ కాలేజీ, డి ఆంజా కలిపి ఒక డిస్ట్రిక్ట్. దాన్ని నడిపేది ఓనరు కాదు, మంత్రి కాదు. స్థానిక ఓటర్లు నాలుగేళ్లకోసారి ఎన్నుకునే ఐదుగురు ట్రస్టీల బోర్డు. ఒక్కో కాలేజీ నుంచి ఒక్కో విద్యార్థి కూడా ఆ బోర్డులో కూర్చుంటారు. వాళ్ల ఓటు సలహా ఓటు మాత్రమే, కానీ కుర్చీ ఉంది, మైకు ఉంది.

బోర్డు చేసే పని

చాన్సలర్‌ను నియమించడం, బడ్జెట్ ఆమోదించడం, ఉద్యోగుల ఒప్పందాలు, భవనాలు, కాంట్రాక్టులు. చెప్పుకోవడానికి చప్పగా ఉండే పనులే. కానీ అవి ఎలా చేయాలో చెప్పే నిబంధనలు చూడండి. 1953లో వచ్చిన బ్రౌన్ చట్టం ప్రకారం మామూలు సమావేశానికి 72 గంటల ముందే అజెండా అందరికీ కనిపించేలా పెట్టాలి. అజెండాలో లేని విషయం మీద, అరుదైన మినహాయింపులు తప్ప, నిర్ణయం తీసుకోకూడదు. హాజరైన ఎవరికైనా మాట్లాడే అవకాశం ఇవ్వాలి. కోర్టు కేసులు, జీతాల బేరసారాలు, సిబ్బంది విషయాలు లాంటి కొన్నింటికే తలుపులు మూసుకోవచ్చు. ట్రస్టీలు తమ ఆర్థిక ప్రయోజనాలను ఏటా రాతపూర్వకంగా వెల్లడించాలి. సొంత లాభం ఉన్న కాంట్రాక్టులో వేలు పెట్టకూడదు.

ఇక ఫీజు. ఆ రాష్ట్రవాసులకు యూనిట్‌కు 46 డాలర్లు, 2012 నుంచి అంతే. అది నిర్ణయించేది రాష్ట్ర శాసనసభ. బయటి రాష్ట్రాల నుంచి, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ల ట్యూషన్‌ను మాత్రం స్థానిక బోర్డే ఏటా ఖరారు చేస్తుంది. అంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో స్టూడెంట్ వీసా మీద వెళ్లిన పిల్లవాడు కట్టే ట్యూషన్ ఒక బహిరంగ సమావేశంలో అజెండా అంశం. ఎంత, ఎందుకు అన్నది కాగితం మీద ఉంటుంది.

పెద్ద మొత్తాలు కావాల్సి వస్తే ఇంకా గట్టి కాపలా ఉంటుంది. 2020 మార్చిలో ఈ డిస్ట్రిక్ట్ ఓటర్లు భవనాల కోసం 89.8 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. ఇలాంటి బాండ్లకు కనీసం 55 శాతం ఓట్లు రావాలి. తర్వాత ఏటా ఆడిట్ జరగాలి. ఖర్చును గమనించడానికి పౌరుల కమిటీ ఒకటి వేయాలి. డిస్ట్రిక్ట్ ఉద్యోగులు, దానికి సరుకు అమ్మేవాళ్లు, కాంట్రాక్టర్లు ఆ కమిటీలో ఉండకూడదు. డబ్బు ఇచ్చినవాళ్ల తరఫున లెక్క చూసేవాడు, డబ్బు తీసుకున్నవాడు ఒకరే కాకూడదన్నది అందులోని న్యాయం.

బోర్డుకు హద్దులూ ఉన్నాయి. ఒక్క ట్రస్టీ సొంతంగా ఎవరికీ ఆర్డరు వేయలేడు. అధికారం సమావేశమైన బోర్డుదే. పాఠ్యాంశాలు, గ్రేడింగు లాంటి చదువు సంగతుల్లో అధ్యాపకుల సెనేట్‌ను సంప్రదించాల్సిందే.

లెక్క తప్పితే ఏమవుతుంది?

ఎన్నికలు ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా నడుస్తుందని నేను అనను. లాస్ ఏంజెలెస్ దగ్గర కాంప్టన్‌లో ఆర్థిక నిర్వహణ దెబ్బతిని, 2004లో రాష్ట్రం జోక్యం చేసుకుని బోర్డు అధికారాలను ప్రత్యేక ట్రస్టీకి అప్పగించింది. 2006లో కాలేజీ గుర్తింపే పోయింది. పొరుగున ఉన్న ఎల్ కమినో కాలేజీ నీడలో ఒక సెంటర్‌గా నడిచి, సొంత గుర్తింపు తిరిగి సంపాదించుకునేసరికి 2017 వచ్చింది. పదకొండేళ్లు! ఒకటో తరగతి పిల్ల ఇంటర్‌కు వచ్చేంత కాలం.

శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీకి కూడా గుర్తింపు రద్దు చేస్తామని 2013లో అక్రెడిటేషన్ కమిషన్ ప్రకటించింది. అక్కడ ప్రధాన అభ్యంతరం పాఠాలు చెప్పే తీరు మీద కాదు, పాలన మీద, డబ్బు నిర్వహణ మీద. ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి ప్రత్యేక ట్రస్టీని నియమించారు. అసలు ఆ కమిషన్ నడుచుకున్న పద్ధతే చట్టానికి లోబడి లేదని 2015లో కోర్టు తప్పుపట్టింది. 2017లో గానీ కాలేజీ గుర్తింపు కుదుటపడలేదు. ఈలోగా వేల మంది విద్యార్థులు వేరే దారి చూసుకున్నారు. మంచి టీచర్లు ఉన్నా, బోర్డు గదిలో లెక్క తప్పితే దెబ్బ తగిలేది క్లాసులో కూర్చున్న పిల్లలకే.

ఇక మన సంగతి

మన స్కూలు పన్నుల డబ్బుతో నడిచేది కాదు. జీతాలు ఇవ్వాల్సింది, బిల్డింగు నడపాల్సింది యాజమాన్యం. కాబట్టి ఎన్నికలు పెట్టండి, బోర్డులో మమ్మల్ని కూర్చోబెట్టండి అని నేను అడగడం లేదు. కానీ ఒక సంగతి ఆలోచించండి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం ఆ కమిటీ పని. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ స్కూళ్లకు ఈ సెక్షన్ వర్తించదు. రూపాయి ఫీజు కట్టని తల్లికి చట్టం వేసిన కుర్చీ, అప్పు చేసి మరీ ఫీజు కట్టే మనకు లేదు.

చట్టం అడగకపోయినా యాజమాన్యం ఇవ్వగలిగినవి మూడున్నాయి.

ఒకటి, ఫీజు సర్క్యులర్‌తో పాటు ఒక్క పేజీ లెక్క. పోయిన ఏడాది ఎంత, ఈ ఏడాది ఎంత, పెరిగింది ఏ పద్దు కింద.

రెండు, పేరెంట్స్ మీటింగుకు మూడు రోజుల ముందు అజెండా. అందులో మనం కూడా ఒక అంశం చేర్పించగలగాలి. జవాబు మాటల్లో కాకుండా రాతలో రావాలి.

మూడు, ప్రతి బ్రాంచికి ఏడాది గడువుతో చిన్న పేరెంట్స్ కమిటీ. పేర్లు లాటరీ తీసి ఎంచవచ్చు. స్కూలుకు పుస్తకాలో, యూనిఫారాలో, బస్సులో సరఫరా చేసేవాళ్లు అందులో ఉండకూడదు. ఏ పాఠం ఎలా చెప్పాలన్నది ఆ కమిటీ జోలికి రాకూడదు. అది టీచరు పని.

"తల్లిదండ్రులకు ఇవన్నీ ఎక్కడ పడతాయి, వాళ్లకు కావాల్సింది ర్యాంకులు" అని యాజమాన్యం అనుకుంటే తప్పు వాళ్లది ఒక్కరిదే కాదు. మీటింగుకు వచ్చి, మన పిల్లల పేపర్లు చూసుకుని, సంతకం పెట్టి, పావుగంటలో బండి తీసేది మనమే. కుర్చీ వేశాక ఖాళీగా ఉంటే రెండో ఏడాది దాన్ని తీసేస్తారు, తీసేయడమూ సబబే.

అందుకే వచ్చే మీటింగుకు మీ పిల్లల సంగతులతో పాటు ఇంకో ప్రశ్న కూడా చీటీ మీద రాసుకుని రండి. పక్క బెంచీలో కూర్చున్న పిల్లకు కూడా పనికొచ్చే ప్రశ్న. నా చీటీ సిద్ధంగా ఉంది.

ఇట్లు,
మీ తోటి పేరెంట్