ఎందుకు? ఎలా?: బిగువు కన్నంలో బోల్టు

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు పక్కనే లాడ్‌బజారు ఉన్నది గదా. లక్క గాజులకు అది పెట్టింది పేరు. గాజు వదులైతే జారిపోతుంది. మరీ బిగువైతే ఎక్కదు, బలవంతాన తోస్తే విరుగుతుంది. విమానంలో బోల్టు సంగతి కూడా ఇంతే!

అక్కడికి ఆగ్నేయాన కొన్ని కిలోమీటర్ల దూరంలో కంచన్‌బాగ్ ఉన్నది. అక్కడ 1973లో స్థాపించిన మిధాని సంస్థ విమానాలకూ, రాకెట్లకూ పనికివచ్చే ప్రత్యేకమైన ఉక్కునూ, టైటానియం మిశ్రలోహాలనూ తయారుచేస్తుంది. అయితే బోల్టు ఎంత గట్టిదైనా, అది కూర్చునే కన్నం సరిగా లేకపోతే ఏం లాభం?

అమెరికా మొదలైన దేశాలలో కొందరు భాగాలు తెప్పించుకుని, ఇంటి షెడ్డులోనే చిన్న విమానం కట్టుకుంటారు. రెక్కను విమానానికి కలిపేచోట ఉక్కు బోల్టులు బిగువుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే గాలి తోపు తగిలినప్పుడల్లా బోల్టు కదిలి, గుండ్రని కన్నం కోలగా అరిగిపోతుంది. పైగా ఆ బోల్టు మోయవలసిన బరువు పక్క బోల్టుల మీద పడుతుంది.

బోల్టు ఎక్కకపోతే సుత్తితో బాదకూడదా? కూడదు! కన్నం గోడ అల్యూమినియందైతే గీతలు పడతాయి. ఆ గీత దగ్గరే పగులు పుట్టి, ప్రతి ప్రయాణంలోనూ కాస్త కాస్త పెరుగుతుంది. దీనినే లోహపు అలసట అంటారు. అందుచేత కన్నాన్ని ముందు కాస్త చిన్నదిగా తొలిచి, తరువాత రీమర్ అనే పనిముట్టుతో మెల్లగా, నున్నగా సరిచేస్తారు. తీసిన లోహం మళ్ళీ అంటుకోదు గనుక తొందర పనికిరాదు.

మరొక ఉపాయం కూడా ఉన్నది. బోల్టును ఫ్రీజరులో ఉంచుతారు. లోహం చల్లబడితే కుంచించుకుపోతుంది. పావు అంగుళం ఉక్కు బోల్టు 50 డిగ్రీలు చల్లబడితే, దాని మందం మిల్లీమీటరులో సుమారు వెయ్యింట నాలుగు వంతులు తగ్గుతుంది. అంతేనా, అంటారేమో! బిగువు కన్నానికి ఆ కాస్తే చాలు. వెంటనే తుడిచి, కాస్త గ్రీజు రాసి, తిన్నగా నెట్టాలి. బిగించేటప్పుడు బోల్టును కదలకుండా పట్టుకుని, నట్టునే తిప్పాలి.

ఇప్పుడు చెప్పండి: బోల్టును చల్లబరిచే బదులు రేకును వేడిచేస్తే కన్నం చిన్నదవుతుందా, పెద్దదవుతుందా? పెద్దదే అవుతుంది! ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరికి ఈ సంగతి బాగా తెలుసు. చక్రం కంటే కొంచెం చిన్నదైన పట్టాను ఎర్రగా కాల్చి, తొడిగి, నీళ్ళు పోస్తాడు. పట్టా కుంచించుకుని చక్రాన్ని గట్టిగా పట్టేస్తుంది.

పచ్చడి సీసా రేకుమూత రాకపోతే, అమ్మతో చెప్పి దానిమీద గోరువెచ్చని నీళ్ళు పోయించండి. మూత ఎందుకు వదులైందో మీరే ఆమెకు చెప్పవచ్చు!