పడగొట్టకపోవడమే రక్షణా?

"హైదరాబాదులో నవాబు మేడ కూలితే ఎర్రుపాలెంలో ఉన్న మీకేం పోయిందండీ?" అని అడిగే మిత్రులు నాకు కొందరున్నారు. వారికి జవాబు చెప్పవలసి ఉన్నది.

ఇర్రం మంజిల్ ఫక్రుల్ ముల్క్ నవాబు 1870 ప్రాంతంలో కట్టించుకున్న నివాసం. పారసీక సాహిత్యంలో ఇరం అంటే స్వర్గాన్ని తలపించే ఉద్యానం. గుట్ట ఎర్రనిది గనుక జనం నోట ఆ పేరు ఎర్రమంజిల్ అయింది.

నగరాభివృద్ధి సంస్థ 1981 నాటి నిబంధనలలో పదమూడవది ఇటువంటి కట్టడాలకు రక్షణగా ఉండేది. తెలంగాణ ప్రభుత్వం 2015లో దానిని తొలగించింది. 2019 జూన్‌లో ఆ ఆవరణలో కొత్త శాసనసభా భవనానికి శంకుస్థాపన చేసింది. నిబంధనే లేదు గనుక ఇది వారసత్వ కట్టడం కాదని న్యాయస్థానంలో వాదించింది. గడియ తామే ఊడదీసి, తలుపుకు గడియ లేదనడం కాదా ఇది? 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

"ప్రజల రక్తం పిండి కట్టిన మేడకు ఇంత విలాపమెందుకు?" అన్నది రెండో ప్రశ్న. నవాబుల వైభవం జాగీర్ల శిస్తు మీద నిలిచిందన్నది నిజమే. మా మధిర తాలూకా కూడా నిజాం ఏలుబడిలోనిదే. శిస్తు కట్టినవారి మనుమలుగా ఆ మేడపై మాకు హక్కున్నదనే నేనంటాను. దోపిడి జరిగిందనేవారు దాని సాక్ష్యాన్ని ఎందుకు చెరపాలి? వియన్నాలో ఎఫ్రుసి భవనాన్ని 1870లలో ఒక బ్యాంకరు కట్టించుకున్నాడు. 1938లో నాజీలు దానిని ఆ కుటుంబం నుంచి లాక్కున్నారు. ఆ సంపదకూ ఆ దౌర్జన్యానికీ సాక్షిగా అది నేటికీ నిలిచే ఉన్నది.

లండనులో జాబితాకెక్కిన విక్టోరియా కాలపు ఇంటి రూపురేఖలను అనుమతి లేకుండా మార్చితే సొంతదారుకైనా శిక్ష తప్పదు. మనకూ 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నది. అయితే చట్టమూ తీర్పూ గునపాన్ని ఆపగలవు గాని, కారే కప్పును బాగుచేయలేవు. గోడ పగుళ్ళలో మొలిచిన రావిమొక్క కోర్టు ఉత్తర్వు చదవదు. దానిని పెరికేందుకు మనిషి కావాలి, డంగుసున్నం పని తెలిసిన మేస్త్రి కావాలి, బడ్జెటులో ఏటేటా ఒక పద్దు కావాలి. ఇవి లేకుండా "రక్షిత కట్టడం" అని బోర్డు పెట్టడమంటే, ప్రభుత్వం చేయలేకపోయిన కూల్చివేతను వానకు అప్పగించడమే. నా అభ్యంతరం అదీ.