వంటగది చూపించలేదు

మొన్న జూన్‌లో మా వైపున్న ఒక ప్రత్యేక గురుకులం వాళ్లు తల్లిదండ్రుల్ని పిలిచి బడి చూపించారు. ఆ బడి పేరు రాయను. రాస్తే ఇది ఒక్క బడి తప్పులా కనిపిస్తుంది, మిగతావాళ్లు హాయిగా చదివి పక్కన పెడతారు. ఆరో తరగతిలో కొత్తగా సీటు వచ్చిన పిల్లల అమ్మానాన్నలు, వచ్చే ఏడాది పరీక్ష రాయించాలని ఆశపడేవాళ్లు, అందరూ కలిపి వందమంది దాకా వచ్చారు. నేను రెండు పనుల మీద వెళ్లాను. మా చెల్లెలి కూతురికి అక్కడ సీటు వచ్చింది. రెండోది, నాకు కోయ భాష వచ్చు కాబట్టి పెద్దసార్ల మాటలు మనోళ్లకు చెప్పమని పిలిచారు.

అంతా అయ్యాక టీ తాగుతుంటే అక్కడి సారు ఒకాయన అన్నాడు: "చూశారా మాస్టారూ, స్మార్ట్ బోర్డు చూపించాం, కంప్యూటర్ గది చూపించాం. వీళ్లు అడిగిందంతా అన్నం, నీళ్లు, సెలవులు. చదువు గురించి ఒక్కళ్లన్నా అడిగారా?" నేను నవ్వి ఊరుకున్నాను. ఇరవై ఏళ్లుగా టీచరు పని చేస్తున్నవాణ్ణి, కోయవాణ్ణి, నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు, ఏం చూపించారో చెప్తాను. గేటు దగ్గర మన పిల్లలు కొమ్ముల ఆట ఆడుతూ అతిథుల్ని లోపలికి తీసుకెళ్లారు. కొమ్ములు అట్టతో చేసి రంగు వేశారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరుసలో సోఫాలు. తెర మీద బొమ్మలు వేసి ఇంగ్లీషులో గంటసేపు చెప్పారు. ఈ బడిలో చదివితే డాక్టరు, ఇంజినీరు, కలెక్టరు. తర్వాత వరుసలో నిలబెట్టి గదులు తిప్పారు. ఒక పిల్లాడు చక్రాల బండి లాంటి యంత్రాన్ని ఫోనుతో నడిపి చూపించాడు. నిజం చెప్పాలంటే అది నాకూ నచ్చింది. వాడు చెయ్యి వణక్కుండా నడిపాడు. మనోళ్లు అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు పడుకునే గదుల దగ్గరికి వచ్చేసరికి టైము అయిపోయిందన్నారు. వంటగది వైపు అసలు తిప్పలేదు.

పత్తి గింజలు పెట్టే రోజులవి. ఒక రోజు పని పోగొట్టుకుని, ఆటో కిరాయిలు పెట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లు ఊరికే కుర్చీల్లో కూర్చోలేదు, చూశారు. ఏం చూశారో వచ్చేటప్పుడు ఆటోలో విన్నాను. నీళ్ల ట్యాంకు మీద మూత లేదని మా బావ చూశాడు. ఆడపిల్లల మరుగుదొడ్లకు మూడు తలుపులకు గడియ లేదని మా చెల్లెలు చూసింది. పిల్లల కాళ్లకు పుండ్లున్నాయని ఒక పెద్దమ్మ చూసింది. "బూట్లు కొత్తవి వేశారు, లోపల కాళ్లు ఎవరూ చూడలేదు" అంది. ఒక ముసలాయన, ఊళ్లో వడ్డె, కొమ్ముల గురించే దారంతా మాట్లాడాడు. "పెళ్లికి, పండుంకు కట్టుకునేవి అవి. కుర్చీల ముందు ఎందుకు ఆడించారు? అట్ట కొమ్ములు కాబట్టి సరిపోయింది, లేకపోతే దేవుడికి ఏం చెప్పుకునేవాళ్లం?"

సభలో ప్రశ్నలు అడగమన్నప్పుడు అడిగినవి ఇవి. రాత్రి పిల్లల దగ్గర ఎవరు పడుకుంటారు? జ్వరమొస్తే ఆసుపత్రికి ఎంత దూరం, బండి ఉందా, నర్సమ్మ ఉంటుందా? మేం ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? మా ఊళ్లో సిగ్నల్ ఉండదు, మీరు ఎట్టా చెప్తారు? విజ్జ పండుంకు పిల్లోణ్ణి పంపుతారా? చివర్లో ఒక తల్లి లేచింది. చంకలో చిన్నపిల్ల ఉంది. కోయలో అడిగింది: రాత్రి జ్వరంలో నా కొడుకు మన మాటలో పలవరిస్తే, వాడు ఏం అడుగుతున్నాడో ఇక్కడ ఎవరికి అర్థమవుద్ది?

నేను తెలుగులోకి ఎట్టా మార్చానో తెలుసా? "భాష గురించి అడుగుతున్నారు సార్." అంతే. ప్రిన్సిపాల్ నవ్వుతూ, "ఇక్కడ అందరికీ ఇంగ్లీషు నేర్పిస్తాం, భయపడొద్దని చెప్పండి" అన్నారు. నేను అదే చెప్పాను. ఆ తల్లి నా వైపు చూసి కూర్చుంది. పెద్దసార్ల ముందు మన ఆడమనిషి ప్రశ్న మొరటుగా వినిపిస్తుందేమోనని నేనే దాన్ని కత్తిరించాను. బడి వాళ్ల తప్పులు చెప్పే ముందు ఈ తప్పు నాదని ఒప్పుకుంటున్నాను.

మన కోయలో నీళ్లను ఏరు అంటాం. అర్ధరాత్రి ఒళ్లు కాలిపోతూ పిల్లాడు "ఏరు, ఏరు" అంటే తెలుగు టీచరు వీడు వాగు గురించి కలవరిస్తున్నాడు అనుకుని దుప్పటి కప్పి పోతాడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన టీచరుకు ఆ మాత్రమూ తెలియదు. వానాకాలం వస్తే ఆశ్రమ పాఠశాలల నుంచి జ్వరాల వార్తలు ఏజెన్సీలో ఏ ఏడూ ఆగలేదు. అట్లాంటి చోట ఒక తల్లి ఈ ప్రశ్న అడిగితే, చదువు గురించి అడగలేదట!

చదువు అంటే ఏమనుకుంటున్నారు వీళ్లు? పదకొండేళ్ల పిల్ల రాత్రి భయపడి నిద్రపోకపోతే పొద్దున లెక్కలు ఎక్కవు. గడియలేని మరుగుదొడ్డికి పోలేక నీళ్లు తాగడం మానేసిన ఆడపిల్ల మూడో పీరియడ్‌కు తల పట్టుకుని కూర్చుంటుంది. ఇవి నా క్లాసులో నేను చూసినవి. డిప్లొమాలో పిల్లల మనస్తత్వం అని ఒక పేపరు రాశాం, నాకు మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ పేపరులో ఉన్నదే ఆ తల్లి ఒక్క మాటలో అడిగింది.

కేంద్రం 1997-98లో ఏకలవ్య బడులు మొదలుపెట్టింది. 2018లో, సగానికి పైగా ఎస్టీ జనాభా ఉండి 20,000 మంది ఆదివాసులున్న ప్రతి బ్లాకులో ఒక ఏకలవ్య బడి పెడతామని బడ్జెట్‌లో చెప్పింది. ఒక్కో బడికి 480 మంది పిల్లలు. 2023 బడ్జెట్‌లో 740 బడులకు 38,800 మంది టీచర్లను, సిబ్బందిని తీసుకుంటామంది. ఆ నియామకాలు ఢిల్లీ నుంచే, దేశమంతటికీ ఒకే పరీక్షతో జరిగాయి. ఆ పరీక్షలో హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. కోయ లేదు, గోండి లేదు, సవర లేదు. ఇటు మనకు షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఈ రెండూ కలిపి చూడండి. ఆ తల్లి ప్రశ్నకు జవాబు చెప్పగలిగే మనిషి బడిలో లేకుండా పోవడానికి ఢిల్లీలో దారి వేశారు. ఆ దారి చివర ఆమె చంకలో పిల్లతో నిలబడి అడిగింది.

ఇది చేతకాని పనీ కాదు. 1940లలో, నిజాం కాలంలో, ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకే టీచరు శిక్షణ ఇప్పించాడు, గోండిలో వాచకాలు వేయించాడు. అప్పుడు అక్కడికి సరైన రోడ్డు కూడా లేదు. ఇప్పుడు స్మార్ట్ బోర్డు ఉంది, మన మాట తెలిసిన ఒక్క ఆయమ్మ లేదు.

ఇక కాగితం సంగతి. పోయేముందు అందరికీ ఒక ఫారం ఇచ్చారు. బడి ఎలా ఉంది? బాగుంది, చాలా బాగుంది, అద్భుతం. మూడే గడులు. బాగాలేదు అనడానికి గడి లేదు. చదువురానివాళ్లవి నన్నే నింపమన్నారు. ఇరవై మూడు ఫారాలు నింపాను. "ఏం పెట్టమంటావు బావా?" అంటే మా బావ, "ట్యాంకు మీద మూత పెట్టమని రాయి" అన్నాడు. రాయడానికి చోటు లేదు. 'బాగుంది'కి టిక్కు పెట్టి వేలిముద్ర వేయించాను. ఆ ఇరవై మూడు టిక్కులూ ఇప్పుడు ఏదో రిపోర్టులో తల్లిదండ్రుల సంతృప్తి అయి ఉంటాయి.

ప్రత్యేక బడులే వద్దంటున్నావా అని కొందరు మిత్రులు అడుగుతారు. వద్దనడం లేదు. మా మేనకోడలు అక్కడే ఉంది. లెక్కల్లో గట్టిది, అక్కడ ఆమెకు మంచి లెక్కల టీచరమ్మ దొరికింది, సంతోషం. కానీ నా బడిలో పోయినేడు ఐదో తరగతిలో పదకొండు మంది ఉన్నారు. ఆరుగురు పరీక్ష రాశారు. ఒక్కరికి సీటు వచ్చింది. ఆ ఒక్కరి తల్లిదండ్రులకు షామియానా వేసి బడి చూపించారు. మిగతా పదిమంది అమ్మానాన్నల్ని ఏ బడీ పిలవలేదు. వాళ్ల పిల్లలు వెళ్లిన బడిలో ఇద్దరు టీచర్ల పోస్టులు ఖాళీ. ఆ ఖాళీ తరగతి గది చూపించడానికి ఎవరన్నా ఒక శనివారం షామియానా వేస్తారా?

మనలో ఉద్యోగాలు వచ్చినవాళ్లం కూడా తక్కువేం కాదు. మన పిల్లల్ని పట్నం కార్పొరేట్ కాలేజీలో వేసి, అక్కడి హాస్టల్‌కు వెళ్లి కూర రుచి చూస్తాం, బాత్రూములు తెరిచి చూస్తాం, వార్డెన్‌తో గొడవ పడతాం. అప్పుడది శ్రద్ధ. మన అక్క, మన వదిన ఊరి నుంచి వచ్చి అదే అడిగితే వెర్రితనం అంటాం, నాలాగా నవ్వుతాం.

దసరా సెలవుల ముందు మళ్లీ తల్లిదండ్రుల్ని పిలుస్తారట, మాట మార్చి చెప్పడానికి నన్ను రమ్మని ఫోన్ వచ్చింది. వస్తానన్నాను. ముందు వంటగది, ట్యాంకు, పడక గదులు తిప్పండి, తెర మీద బొమ్మలు తర్వాత వేద్దాం అన్నాను. ఫారంలో బాగాలేదు అని ఒక గడి, కింద నాలుగు గీతలు ఖాళీ పెట్టమన్నాను. ఈసారి మొదట మాట్లాడేది ఆ తల్లి అని, ఆమె అన్నది అన్నట్టే చెప్తానని, కత్తిరించనని కూడా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "చూద్దాం మాస్టారూ" అన్నారు.

ఆమెది వాగు అవతల ఊరు. వచ్చే ఆదివారం సంతలో కలిసి, ఆ రోజు నేను ఆమె మాటను ఏం చేశానో చెప్పాలి. వస్తుందో రాదో ఆ తర్వాత ఆమె ఇష్టం.