కళ్లెం తీసే రోజు



మన వరంగల్ పెళ్లి ఊరేగింపుల్లో గుర్రానికి కళ్లెం తప్పదు. కానీ బాగా మచ్చికైన గుర్రం కళ్లెం లేకుండానే నడుస్తుంది. ఒంటి మీద ఈగ వాలినా దానికి తెలుస్తుంది; అందుకే రౌతు కాస్త ఒరిగినా అటు తిరుగుతుంది. బెదురు గుర్రానికి మాత్రం ముందు కళ్లెం కావాలి. దాని గుణం తెలిశాకే తీయాలి.

32వ కీర్తన 8, 9 వచనాలు కలిపి చదవండి. మనల్ని లాక్కెళ్లడం దేవుని కోరిక కాదు. ఆయన చూపును గ్రహించి నడవాలన్నదే.

ఎదిగిన పిల్లలను బెదిరించి మందిరానికి తెస్తున్న తల్లిదండ్రులారా, వారు హన్మకొండ హాస్టల్‌లో చేరిన రోజు ఆ కళ్లెం మీ చేతిలో ఉండదు. ఇప్పుడే వారి పక్కన కూర్చోండి, వారి మాట వినండి. అప్పుడు దూరాన ఉన్నా మీ మాట వారికి గుర్తుంటుంది. ఆమెన్.