కుక్కకి ప్లాస్టిక్ గడ్డి, మనకి మనశ్శాంతి?

కుక్క ఉన్న ఇంట్లో ప్లాస్టిక్ గడ్డి పరవడం శుద్ధ దండగ. దండగ ఒక్కటే అయితే ఊరుకుందును, ఎవరి డబ్బు వాళ్ళిష్టం. కానీ మన సోకుకి ఫలితం అనుభవించేది నోరులేని జీవం. అందుకని నాలుగు మాటలు గట్టిగానే అనాల్సొస్తోంది.

ఈ మధ్య మన ఐటీ జనాల ఇళ్ళల్లో ఇదో వేలంవెర్రి అయిపోయింది. గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల... ఏ అపార్టుమెంటు బాల్కనీలోకి తొంగిచూసినా ఓ ఆకుపచ్చ చాప, దాని మీద ఓ ఉయ్యాల కుర్చీ, పక్కన దిగాలుగా పడుకున్న ఓ లాబ్రడార్. (కొందరిళ్ళల్లో అయితే హస్కీ! సైబీరియా కుక్కని తెచ్చి హైదరాబాదు ఎండలో పెంచే మహానుభావుల గురించి ఇంకోసారి విడిగా మాట్లాడుకుందాం.) విల్లాల వాళ్ళు ఇంకో మెట్టు పైనున్నారు, పెరడు పెరడంతా పరిపించేస్తున్నారు. డాలస్, ఫీనిక్స్ వైపు ఉన్న మనవాళ్ళ బ్యాక్‌యార్డుల సంగతి సరేసరి.

"ఇదెందుకయ్యా?" అని అడిగితే అందరూ ఒకటే పాఠం అప్పజెప్తారు. పెట్ ఫ్రెండ్లీ, జీరో మెయింటెనెన్స్, నీళ్ళ ఆదా. అమ్మేవాడి కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు. పొద్దున లేస్తే ప్రొడక్షన్ టికెట్లతో కుస్తీ పట్టే మనకి "జీరో మెయింటెనెన్స్" అన్న మాట వినగానే నవ్వు రావాలి కదా? రాదు. ఆఫీసులో వెండరు చెప్పే ప్రతి ముక్కకీ వంద ప్రశ్నలు వేసేవాడు, ఇంటికొచ్చాక చదరపు అడుక్కి ఇంత అనగానే నోరెత్తకుండా యూపీఐ చేసేస్తాడు.

సరే, ఆ ప్రశ్నలేవో మనం వేద్దాం.

మొదటిది, ఒంటేలు సంగతి. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకి, ఒంటి బరువులో కిలోకి 20 నుంచి 40 మిల్లీలీటర్ల దాకా పోస్తుంది. 30 కిలోల లాబ్రడార్ అంటే రోజుకి 600 నుంచి 1200 మిల్లీలీటర్లు. ఏడాదికి లెక్కేస్తే సుమారు 220 నుంచి 440 లీటర్లు. అందులో సగమే బాల్కనీలో పోసిందనుకున్నా వంద లీటర్లకి పైమాటే. ఇదంతా ఎక్కడికి పోతుంది?

మట్టిలో అయితే దీనికి జవాబుంది. ఒంటేల్లో ఉండే ముఖ్యమైన సరుకు యూరియా. అవును, మన నాన్నలూ తాతలూ సొసైటీ దగ్గర క్యూ కట్టి బస్తాల్లో తెచ్చుకున్న ఆ యూరియానే. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ముందు అమ్మోనియాగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. గడ్డి వేళ్ళు ఆ నైట్రేటుని లాగేసుకుంటాయి. ఒకేచోట మరీ ఎక్కువ పడితే గడ్డి మాడుతుంది, యూరియా కుప్పగా పడిన చోట పైరు మాడినట్టే. ఓ చెంబెడు నీళ్ళు వెంటనే పోస్తే ఆ మాడటమూ తగ్గుతుంది. అంటే అదొక పూర్తి సిస్టం. ఇన్‌పుట్ ఉంది, ప్రాసెసింగ్ ఉంది, అవుట్‌పుట్ ఉంది.

ప్లాస్టిక్ చాపలో ఇన్‌పుట్ మాత్రమే ఉంది. బాక్టీరియా అక్కడా చేరుతుంది, యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాని అమ్మోనియా చేసిపెడుతుంది, కథ అక్కడితో ఆగిపోతుంది. పీల్చుకోడానికి వేరు లేదు. "డ్రైనేజీ హోల్స్ ఉన్నాయండీ" అంటాడు అమ్మినవాడు. ఉన్నాయి, కాదన్లేదు. చాప అడుగున ఉన్న పూతకి చిల్లులున్నాయి. ఆ చిల్లుల్లోంచి దిగింది ఎక్కడికి పోవాలి? కింద ఉన్నవి టైల్సు. చాపకీ టైలుకీ మధ్య సందులో పల్చగా పరుచుకుని, ఎండకి ఇగిరి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఇగిరి... మీరు పైన ఎంత కడిగినా పైనే శుభ్రం. వాసన ఉన్నది పైన కాదు, కింద. ఏప్రిల్ వచ్చిందంటే బాల్కనీ తలుపు తీయడానికి ధైర్యం కావాలి. కింది ఫ్లోరు వాళ్ళు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజీలు దీనికి బోనస్.

విల్లాల వాళ్ళకి జియోలైట్ అని ఇంకో మందు అమ్ముతారు. ఇది దొంగ సరుకు కాదు, అమ్మోనియాని నిజంగానే పట్టి ఉంచుతుంది. కానీ దానికీ ఓ కెపాసిటీ ఉంది. నిండాక ఉప్పునీళ్ళతో కడిగి ఖాళీ చెయ్యాలి, లేదా తీసేసి కొత్తది వెయ్యాలి. దాన్నే మన భాషలో మెయింటెనెన్స్ అంటారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. కంపు భరించలేక బ్లీచింగ్ పౌడరు నీళ్ళు కొట్టేవాళ్ళున్నారు. బ్లీచూ, ఒంటేల్లోంచి వచ్చిన అమ్మోనియా కలిస్తే క్లోరమైన్లనే విషవాయువులు వస్తాయి. మూసిన బాల్కనీలో అది మీకూ మంచిది కాదు, నేలకి ముక్కు ఆనించి తిరిగే కుక్కకి అసలే మంచిది కాదు.

రెండోది, ఎండ. 2002లో అమెరికాలోని యూటాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు తమ ప్లాస్టిక్ గడ్డి మైదానం వేడి కొలిచారు. గాలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున మైదానం పైభాగం 93 డిగ్రీలుంది. నీళ్ళు కొట్టి చల్లారుద్దామని చూస్తే 79 నుంచి 29కి పడింది. సంతోషం. అయిదు నిమిషాల్లో మళ్ళీ 49. ఇరవై నిమిషాలకి 73.

"అది రబ్బరు గుళికలు నింపిన ఫుట్‌బాల్ మైదానం, మా బాల్కనీ కాదు" అంటారా? నిజమే, మీ చాప మీద అంకెలు అచ్చం అవే రావు. కానీ సూత్రం మారదు. బతికున్న గడ్డి వేళ్ళతో నీళ్ళు లాగి, ఆకుల్లోంచి ఆవిరి చేస్తూ తనని తాను చల్లబరుచుకుంటుంది. ప్లాస్టిక్కుకి ఆ పని చేతకాదు, ఎండని తాగి కూర్చుంటుంది. హైదరాబాదులో మే నెలలో 40 దాటడం విశేషమేం కాదు. ఫీనిక్సులో 2023 వేసవిలో వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. మనకైతే చెప్పులున్నాయి, దానికున్నవి అరికాళ్ళే. పైగా దానికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఏసీ. మధ్యాహ్నం రెండింటికి మీ అరచేతి వెనక భాగం ఆ చాప మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. ఆనించలేకపోతే అది మీ కుక్క నిలబడే చోటు కూడా కాదు.

అసలు ఈ సరుకుకి పేరెలా వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అని పైకప్పున్న బేస్‌బాల్ స్టేడియం 1965లో తెరిచారు. లోపల వేసింది నిజం గడ్డే. పైకప్పు పలకల్లోంచి వచ్చే వెలుగుకి ఆటగాళ్ళకి బంతి కనపడటం లేదని ఆ పలకలకి రంగు పూశారు. వెలుగు లేక గడ్డి చచ్చిపోయింది. 1966లో మోన్‌శాంటో వాళ్ళ కెమ్‌గ్రాస్ తెచ్చి పరిచారు, ఆ స్టేడియం పేరు మీదే అది ఆస్ట్రోటర్ఫ్ అయింది. అంటే ఎండ దూరని చోట, బూట్లేసుకున్న మనుషులు ఆడుకోడానికి పేరు తెచ్చుకున్న వస్తువిది. మనం దాన్ని నిలువెండలో, ఉత్త కాళ్ళ జంతువు కింద పరుస్తున్నాం. రిక్వైర్‌మెంటు ఒకటి, డిప్లాయ్ చేసింది ఇంకోచోట!

మూడోది, నీళ్ళ ఆదా. కుక్క లేని ఇంట్లో ఈ వాదనకి కొంత బలముంది. కుక్క ఉంటే వాసన రాకుండా రోజూ కడగాలి, కాలకుండా ఎండాకాలం తడపాలి. ఆదా అయిందేముంది? కాలిఫోర్నియా 2015లో కరవు రోజుల్లో, ఇళ్ళ దగ్గర ప్లాస్టిక్ గడ్డిని నగరాలూ కౌంటీలూ నిషేధించడానికి వీల్లేదని చట్టం చేసింది. అదే కాలిఫోర్నియా 2023లో, కావాలంటే నిషేధించుకోవచ్చని ఇంకో చట్టం చేసింది. ఎనిమిదేళ్ళలో రోల్‌బ్యాక్ అన్నమాట. మనమేమో వాళ్ళు వెనక్కి తీసుకున్న వెర్షన్‌ని ఇక్కడ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుంటున్నాం. పాతబడ్డాక దాన్నేం చెయ్యాలో కూడా ఎవడూ చెప్పడు. పోగు ఒక ప్లాస్టిక్కు, గుడ్డ ఇంకో ప్లాస్టిక్కు, అడుగున అంటించిన పూత మరొకటి. విడదీయడం కష్టం, చివరికి చెత్తకుప్పే గతి.

ఇహ అసలు విషయానికొస్తా. ఈ గడ్డి కుక్క కోసం కాదు. కుక్కని బయటికి తీసుకెళ్ళే పని తప్పించుకోడానికి మనం కొనుక్కునే వర్కరౌండ్. రాత్రి పదకొండింటి దాకా కాల్స్, పొద్దున లేవలేం, కాబట్టి ఒంటికీ రెంటికీ బాల్కనీలోనే ఏర్పాటు చేసేశాం. ఎక్సెప్షన్ వస్తే పట్టుకుని ఏమీ చెయ్యకుండా మింగేసే కోడు రాసినవాణ్ణి రివ్యూలో ఎలా ఉతుకుతామో మీకు తెలుసు. ఇది అచ్చం అదే. పైకి ఎర్రర్ కనపడదు. లోపల సమస్య అలాగే ఉంటుంది.

ఆ సమస్య ఏంటంటే, కుక్క బయటికెళ్ళేది ఒంటికి పోసుకోడానికి మాత్రమే కాదు. దాని లోకమంతా ముక్కులో ఉంది. స్తంభం దగ్గర ఆగి, గోడ వాసన చూసి, రాత్రి ఎవరొచ్చారో ఎవరెళ్ళారో తెలుసుకోవడం దానికి పొద్దున్నే పేపరు చదవడం లాంటిది. మనం "పద పద" అని గొలుసు లాగుతాం గానీ, అది వచ్చిందే ఆ పని మీద. ఆరడుగుల ప్లాస్టిక్ చాప మీద దానికి దొరికేది ఒకటే వార్త, నిన్న తను పోసిన ఒంటేలు. నాలుగ్గోడల మధ్య విసిగిపోయి సోఫా కొరికితే "మొండిది" అని పేరు పెట్టేది మళ్ళీ మనమే.

గడ్డి తినడం ఇంకొకటి. కుక్కకి కడుపులో బాగోలేకే గడ్డి తింటుందని మనవాళ్ళ నమ్మకం. 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు కుక్కల యజమానులని అడిగి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న కుక్కలు కూడా మామూలుగా తింటూనే ఉంటాయని తేలింది, తిన్నాక వాంతి చేసుకునేవి తక్కువేనట. అది వాటి సహజమైన అలవాటు. ఆ అలవాటున్న జీవం ముందు పచ్చటి ప్లాస్టిక్ పోగులు పెట్టి "పెట్ ఫ్రెండ్లీ" అంటున్నాం. పళ్ళొచ్చే వయసు పిల్లలైతే పీకి మింగేస్తాయి కూడా. పేగుల్లో అడ్డం పడితే ఆపరేషనే.

"మరి ముసలి కుక్క సంగతేంటి? టీకాలు పూర్తికాని పిల్ల సంగతేంటి?" న్యాయమైన ప్రశ్నే. మెట్లు దిగలేని కుక్కకీ, ఇంకా బయట తిప్పకూడని పిల్లకీ ఇంట్లో ఓ చోటు కావాల్సిందే. దానికి బాల్కనీ అంతా పరిపించక్కర్లేదు. ఎత్తి బాత్రూములో కడిగి ఆరేసుకోగలిగే చిన్న ముక్క, కింద ట్రే చాలు. అతికించకూడదు, అదొక్కటే షరతు.

అంతకన్నా మంచి ఉపాయం మన దగ్గరే ఉంది: గరిక. వినాయకుడికి పెట్టే గరికే. నర్సరీ వాడు బెర్ముడా గ్రాస్ అని స్టయిలుగా పిలిచేదీ ఆ జాతే. తొక్కుళ్ళకి ఓర్చుకుంటుంది, ఎండకి భయపడదు, మాడినా పక్కనుంచి మళ్ళీ పాకుతుంది. కడియం నర్సరీల్లోనే కాదు, మీ ఊళ్ళో ఏ గట్టు మీదైనా దొరుకుతుంది. అడుగున చిల్లులున్న వెడల్పాటి ట్రేలు రెండు తీసుకోండి. నాలుగంగుళాల ఎర్రమట్టీ ఇసకా వేసి గరిక నాటండి, కింద నీళ్ళు పట్టే పళ్ళెం పెట్టండి. ఒకటి వాడుకలో, రెండోది ఎండలో విశ్రాంతిలో. వారానికోసారి మార్చండి. లోడ్ బ్యాలెన్సింగ్ మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. విల్లా వాళ్ళకైతే ఇంకా సులువు, ఎండ తగిలే ఓ మూల నాలుగు గజాల గరిక వదిలేస్తే చాలు.

"మా అసోసియేషన్ వాళ్ళు కుక్కని లిఫ్టే ఎక్కనివ్వరు" అనేవాళ్ళకి: యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా 2015లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించకూడదనీ, లిఫ్టు ఆపకూడదనీ వాటిలో ఉంది. ప్రింటు తీసి సెక్రటరీ గారి చేతిలో పెట్టండి. అదే కాయితంలో కుక్క వేసింది యజమాని శుభ్రం చెయ్యాలని కూడా ఉంది, ఆ ముక్క మనం చదువుకోవాలి. చేతిలో ఓ సంచీ ఉంటే సగం గొడవలుండవు.

ఇప్పటికే పరిపించేసుకున్న వాళ్ళు ఈ శనివారం చాప ఓ మూల ఎత్తి కింద చూడండి. నేను చెప్పేదానికన్నా ఆ టైల్సే బాగా చెప్తాయి. ఇంకా పరిపించుకోని వాళ్ళు ఆ డబ్బుతో దానికో మంచి బెల్టు, మీకో జత బూట్లు కొనుక్కోండి. రోజుకి రెండు సార్లు, అరగంట చొప్పున. పొద్దున ఆరింటికి ఏ క్లయింటూ స్టాండప్ పెట్టడు లెండి. పెట్టినా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడవొచ్చు. మ్యూట్ నొక్కడం మాత్రం మర్చిపోకండి, వీధి కుక్కలు ఊరుకోవు.